పాలు మాన్పించే దేవుడు

ఏడాది దాటినా పిల్ల పాలు మానకపోతే మన ఇళ్ళల్లో ఏం చేసేవాళ్ళో మీకు తెలియంది కాదు. వేపాకు నూరి రాసేవాళ్ళు. పిల్ల ఆశగా వచ్చి నోరు పెట్టి, చేదు తగలగానే మొహం చిట్లించి, తల్లి వంక ఒక చూపు చూస్తుంది. నువ్వేనా నాకీ పని చేసింది అన్నట్టుంటుంది ఆ చూపు. కొందరు పిల్లలు ఆ ఒక్కసారితో మానేస్తారు. కొందరు గడుగ్గాయిలు చేత్తో తుడిచేసి మళ్ళీ నోరు పెడతారు. ఇంకొందరు చేదూ తీపీ కలిపే తాగేస్తారు.

ఈ సంగతి నేను ఒక పుస్తకంలో చదివి ఉలిక్కిపడ్డాను. రాసినావిడ మన వైపు మనిషి కాదు. అమెరికాలో మసాచుసెట్స్ అడవుల అంచున, ఆండోవరు అనే పల్లెలో ఉన్న ఎనిమిదిమంది పిల్లల తల్లి. పేరు ఆన్ బ్రాడ్‌స్ట్రీట్. 1664లో తన కొడుకు సైమన్ కోసం చిన్న చిన్న నీతిమాటలు కొన్ని రాసి ఇచ్చింది. అందులో ఒకటి ఈ పాలు మాన్పించడం గురించే. అక్కడ వేపాకు లేదు కనక మాచిపత్రి లాంటి ఒక చేదాకో, ఆవపిండో రాస్తారట. కొందరు పిల్లలు తుడిచేస్తారనీ, కొందరు చేదుతో కలిపే మింగేస్తారనీ ఆవిడా గమనించింది. గమనించి ఏమంటుందంటే, దేవుడూ మనతో అలాగే చేస్తాడు, ఈ లోకపు తీపి మీద మన మనసు విరగాలని దాని మీద చేదు పూస్తాడు, అయినా మనలో కొందరం మొండిగా పట్టుకునే ఉంటాం అంటుంది.

చదివి పుస్తకం మూసి ఆలోచించాను. మొండిపిల్లల గురించి రాసినప్పుడు ఆవిడ మనసులో ఉన్నది ఎవరు? ఊళ్ళోవాళ్ళా? కొడుకా? తనేనా?

తనే అని నా నమ్మకం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఈ మనుషులెవరో కాస్త చెప్పుకోవాలి. పదహారో శతాబ్దంలో ఇంగ్లండు రాజుగారి చర్చి పోపు నుంచి విడిపోయింది. కాని పాత పూజలూ, పాత ఆర్భాటాలూ చాలా మిగిలే ఉన్నాయని, వాటిని కడిగి శుభ్రం చెయ్యాలని పట్టుబట్టినవాళ్ళని ప్యూరిటన్లు అన్నారు. మొదట అది ఎగతాళి పేరే. మడి కట్టుకున్నవాళ్ళు అని మనం వెక్కిరించినట్టన్నమాట. వీళ్ళలో చర్చితో పూర్తిగా తెగతెంపులు చేసుకున్న ఒక చిన్న గుంపు 1620లో మేఫ్లవర్ ఓడలో వెళ్ళి ప్లిమత్‌లో దిగింది. పదేళ్ళ తరవాత, 1630లో, డబ్బూ చదువూ పలుకుబడీ ఉన్న పెద్ద గుంపు జాన్ విన్‌త్రాప్ నాయకత్వంలో వెళ్ళి బోస్టన్ కట్టుకుంది.

వాళ్ళ మతంలో అన్నిటికన్నా కఠినమైన మాట ఒకటుంది. ఎవరు మోక్షానికి పోతారో, ఎవరు నరకానికి పోతారో మనం పుట్టకముందే దేవుడు నిర్ణయించేశాడు. మనం ఎంత మంచిపని చేసినా ఆ నిర్ణయం మారదు. వినగానే మనకి తలరాత గుర్తొస్తుంది కాని, రెండూ ఒకటి కావు. మన కర్మ సిద్ధాంతంలో లెక్క మనిషిది. ఎప్పుడో చేసింది ఇప్పుడు అనుభవిస్తున్నాం అనుకుంటాం, వచ్చే జన్మకైనా బాగుచేసుకోవచ్చనుకుంటాం. ప్యూరిటన్‌కి ఆ వచ్చే జన్మ కూడా లేదు. లెక్క అంతా దేవుడి దగ్గరే ఉంది, పద్దు చూపించడు.

చూపించడు కనకే వీళ్ళు రాతమనుషులైపోయారు. నేను ఆయన ఎంచుకున్నవాళ్ళలో ఉన్నానా లేదా అనే బెంగతో రోజువారీ సంగతులన్నిట్లోనూ గుర్తులు వెతికేవాళ్ళు. పంట పండితే గుర్తు. పిల్లకి జ్వరం వస్తే గుర్తు. పిడుగు పడితే గుర్తు. దొరికిన గుర్తునల్లా కాగితం మీద పెట్టేవాళ్ళు. చర్చిలో పూర్తి సభ్యత్వం కావాలంటే దేవుడి కృప తనని ఎలా తాకిందో సభలో చెప్పుకోవాలి. బైబిలు ఎవరికి వారు చదువుకోవాలి కనక ఆడపిల్లలకీ చదవడం నేర్పారు. అడవి కొట్టుకుంటూనే 1636లో హార్వర్డు కాలేజీ పెట్టుకున్నారు. ఆ మనుషులే 1659లో క్రిస్మస్ పండగ చేసుకుంటే అయిదు షిల్లింగులు జరిమానా అని చట్టం చేశారు. 1681 దాకా ఆ చట్టం తియ్యలేదు. బైబిల్లో లేని పండగ మనకెందుకన్నారు. పండగ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవడం మనకి కాస్త కష్టమే.

ఇంతకీ, ఇలా గుర్తులు వెతికే అలవాటు సాహిత్యానికి ఏం చేసింది? మంచీ చేసింది, చెడూ చేసింది. ముందు చెడు చెబుతాను.

మేఫ్లవర్‌లో వెళ్ళినవాళ్ళలో విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే ఆయన ప్లిమత్ చరిత్ర రాశాడు. నిరాడంబరమైన మంచి వచనం. అందులో ఒక ఓడ కళాసీ కథ ఉంది. వాడు పొగరుమోతు. సముద్రం పడక వాంతులు చేసుకుంటున్న జనాన్ని తిట్టిపోసేవాడు. మీలో సగంమందిని దారిలోనే సముద్రంలోకి విసిరి మీ సామానుతో జల్సా చేస్తాననేవాడు. చివరికి వాడికే ఏదో జబ్బు చేసి అందరికన్నా ముందు వాడి శవాన్నే సముద్రంలోకి వెయ్యాల్సొచ్చింది. చూశారా దేవుడి న్యాయం అని బ్రాడ్‌ఫర్డ్ ఇదంతా తీరిగ్గా రాస్తాడు.

ఓడ కేప్ కాడ్ దగ్గర లంగరు వేసి ఉన్నప్పుడు, 1620 డిసెంబరులో, ఇంకొకరు కూడా నీళ్ళలో పడి చనిపోయారు. ఆవిడ పేరు డొరొతీ. బ్రాడ్‌ఫర్డ్ భార్యే. చిన్న కొడుకుని హాలండులో వదిలి ఓడెక్కిన తల్లి. నేల చూసిరావడానికి భర్త పడవలో వెళ్ళినప్పుడు జరిగింది. ఆవిడ మునిగిపోయిందన్న సంగతి మనకి తరవాతివాళ్ళ రాతల వల్లే తెలుసు. భర్త రాసిన చరిత్రలో ఆ రోజు గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఎక్కడో చివర ఓడలో వచ్చినవాళ్ళ జాబితాలో, వచ్చిన కొద్దిరోజులకే భార్య పోయిందనీ, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడనీ ఉంది. అంతే.

ఆయన రాయిగుండె మనిషి అని నేననను. గుండె పగిలి రాయలేకపోయాడేమో కూడా. కాని ఒక సంగతి గమనించండి. కళాసీ చావుకి అర్థం చెప్పడం తేలిక, అది దేవుడి లెక్కలో చక్కగా ఒదిగింది. భార్య చావు ఏ గడిలోకి ఒదుగుతుంది? శిక్ష అనలేడు, దీవెన అసలే అనలేడు. అర్థం దొరకని దుఃఖానికి ఆ రాతలో చోటు లేదు. అందుకే పొగరుమోతు కళాసీకి ఒక కథ దక్కింది, ఇల్లాలికి ఒక పద్దు దక్కింది.

ఆ చోటు లేని దుఃఖానికే ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ చోటు చేసింది. చాలా జాగ్రత్తగా, అనుమతి అడుగుతున్నట్టుగా, అయినా చేసింది.

ఆన్ 1612లో ఇంగ్లండులో పుట్టింది. తండ్రి థామస్ డడ్లీ లింకన్ ప్రభువు దగ్గర దివాను. ఇంటినిండా పుస్తకాలున్న వాతావరణంలో పెరిగింది. పదహారేళ్ళకి సైమన్ బ్రాడ్‌స్ట్రీట్‌తో పెళ్ళయింది. పద్దెనిమిదేళ్ళకి తండ్రితో, భర్తతో కలిసి విన్‌త్రాప్ ఓడలోనే బయలుదేరి 1630 జూన్‌లో సేలంలో దిగింది. దిగగానే కొత్త దేశమూ కొత్త పద్ధతులూ చూసి తన గుండె ఎదురుతిరిగిందని చాలా ఏళ్ళ తరవాత పిల్లలకి రాసిన ఉత్తరంలో చెప్పుకుంది. అది దేవుడి మార్గమని నమ్మకం కుదిరాక తల వంచి బోస్టన్ చర్చిలో చేరిందట. ఎదురుతిరగడం, తల వంచడం ఈ రెండూ ఆవిడ జీవితమంతా ఈ వరసలోనే నడిచాయి.

మొదటి చలికాలం ఎలా గడిచిందో ఆవిడ తండ్రి మర్నాటి ఏడు ఇంగ్లండుకి రాసిన ఉత్తరంలో ఉంది. బల్ల లేక పొయ్యి పక్కన కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నానంటాడు. చావు చూడని ఇల్లు లేదంటాడు. దివానుగారి కూతురు ఆ గదిలోనే ఉండి ఉంటుంది. దానికి తోడు పెళ్ళయి ఏళ్ళు గడుస్తున్నా పిల్లలు లేరు. అది తనకి ఎంత బాధో, ఎన్ని ప్రార్థనలు చేసిందో, ఎంత ఏడ్చిందో అదే ఉత్తరంలో రాసుకుంది. తరవాత ఎనిమిదిమంది పుట్టారనుకోండి.

ఆడది రాయడమంటే ఆ ఊళ్ళో ఎలా చూసేవాళ్ళో తెలియాలంటే విన్‌త్రాప్ దినచర్యలో 1645 ఏప్రిల్ నాటి సంగతి చదవాలి. హార్ట్‌ఫర్డ్ గవర్నరు హాప్కిన్స్ తన భార్యని బోస్టన్ తీసుకొచ్చాడు. ఆవిడకి మతి చలించింది. కారణం ఏమిటంటే, ఎప్పుడూ చదవడం, రాయడం! ఎన్నో పుస్తకాలు రాసిందట. భర్త ప్రేమ కొద్దీ అడ్డు చెప్పలేదు, తప్పు తెలుసుకునేసరికి ఆలస్యమైపోయింది. ఇంటిపనులు చూసుకుంటూ, మగవాళ్ళ బలమైన బుర్రలకి తగిన విషయాల్లో వేలు పెట్టకుండా ఉంటే మతి నిలిచేదే అని విన్‌త్రాప్ తీర్పు. వైద్యం కోసం ఆవిడని బోస్టన్‌లో వర్తకుడైన సోదరుడి ఇంట్లో ఉంచారు. నయం కాలేదు. ఆవిడ రాసిన పుస్తకాల్లో ఒక్కటీ మనకి దక్కలేదు.

అన్నట్టు, ఆ సోదరుడి పేరు డేవిడ్ యేల్. ఆయన కొడుకు ఎలిహు యేల్ తరవాత తూర్పిండియా కంపెనీలో చేరి 1687 నుంచి 1692 దాకా మన మద్రాసులో సెయింట్ జార్జి కోటకి గవర్నరుగా ఉన్నాడు. ఇక్కడే బాగా గడించాడు. 1718లో ఆయన పంపిన తొమ్మిది బేళ్ళ సరుకూ, 417 పుస్తకాలూ అందుకుని కనెక్టికట్‌లోని ఒక కాలేజీ ఆయన పేరు పెట్టుకుంది. అదే యేల్ విశ్వవిద్యాలయం. పుస్తకాల వల్ల మతి పోయిందని అనిపించుకున్న మేనత్త! పుస్తకాలు దానం చేసి పేరు నిలుపుకున్న మేనల్లుడు! ఆ కాలేజీ డిగ్రీ తరగతుల్లో ఆడపిల్లల్ని చేర్చుకున్నది 1969లో. విన్‌త్రాప్ దినచర్య చాలా కాలమే పనిచేసిందన్నమాట.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆన్ హచిన్సన్ అనే మంత్రసాని తన ఇంట్లో ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని ఆదివారం ప్రసంగాల మంచిచెడ్డలు మాట్లాడేది. మాట్లాడి, దేవుడు తనకి నేరుగా తెలియజేస్తాడంది. 1637లో విచారణ చేసి దేశం నుంచి వెళ్ళగొట్టారు. తీర్పు చెప్పిన పెద్దల్లో మన ఆన్ తండ్రి ఉన్నాడు, భర్త ఉన్నాడు. వాళ్ళిద్దరూ ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు ఈవిడ ఏం వడ్డించిందో, ఏం అడిగిందో మనకి తెలియదు. ఆవిడ రాతల్లో హచిన్సన్ పేరు ఎక్కడా లేదు.

ఇటువంటి ఊళ్ళో ఈవిడ పద్యాలు రాసింది. 1650లో మరిది వరసైన జాన్ వుడ్‌బ్రిడ్జ్ ఆ కాగితాలు లండను తీసుకెళ్ళి ఆవిడకి తెలియకుండా అచ్చు వేయించాడు. అమెరికాలో కొత్తగా వెలసిన పదో సరస్వతి అన్న అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. గ్రీకుల కళాదేవతలు తొమ్మిదిమంది కదా, ఈవిడ పదోది. పేరు గొప్పగానే ఉంది కాని ముందుమాట చూడండి. ఈవిడ ఇంటిపని మానుకుని రాయలేదు బాబూ, నిద్రలోంచీ విశ్రాంతిలోంచీ తగ్గించుకున్న గంటల్లో రాసింది అని పాఠకులకి హామీ ఇస్తాడు! పదో సరస్వతి అయినా వంట మానలేదని సర్టిఫికెట్ కావాలి. రచయిత్రిని ఇంటర్వ్యూకి పిలిచి, మరి వంటా పిల్లలూ ఎవరు చూసుకుంటారండీ అని అడిగే పెద్దమనుషులకి వుడ్‌బ్రిడ్జ్ మూలపురుషుడు కాబోలు.

నిజం చెప్పాలంటే ఆ మొదటి పుస్తకం నాకు విసుగనిపించింది. పంచభూతాల లాంటి నాలుగు భూతాలు, మనిషి ఒంట్లో నాలుగు రసాలు, నాలుగు రుతువులు, నాలుగు మహాసామ్రాజ్యాలు. అన్నీ నాన్నగారి పుస్తకాల్లోంచి వచ్చినవి. చదువుకున్న మగవాళ్ళ ఎదుట పరీక్షకి కూర్చున్న పిల్ల రాసినట్టుంటాయి. మార్కులు బాగా వస్తాయి, గుండెకి తగలవు.

అసలు ఆన్ ఆ తరవాత మేలుకుంది. తన పుస్తకం అచ్చులో చూసుకుని రాసిన పద్యంలో, అడక్కుండా బయటికి లాక్కెళ్ళిన అవిటి బిడ్డలా ఉన్నావే అని పుస్తకాన్నే కోప్పడుతుంది. మొహం కడుగుతుంది, కాళ్ళు సాగదీస్తుంది, మంచిబట్ట లేక ఇంట్లో నేసిన ముతకబట్టే కడుతుంది. తండ్రెవరని అడిగితే లేడని చెప్పమంటుంది. దీన్ని వినయం అని చదివినవాళ్ళున్నారు. నాకు మాత్రం బిడ్డ మొహం కడుగుతున్న ఆ చేతుల్లో గర్వం కనిపిస్తుంది. తండ్రి లేడట! అంటే పూర్తిగా నాదే అని.

మరో పద్యం కాన్పుకి ముందు భర్తకి రాసింది. ప్రతి కాన్పూ చావుబతుకుల పరీక్షే ఆ రోజుల్లో. నేను పోతే నా తప్పులు మర్చిపో, నా పిల్లల్ని ప్రేమగా చూసుకో, సవతి తల్లి వాళ్ళని బాధపెట్టకుండా కాపాడు అని అడుగుతుంది. మోక్షం గురించి బెంగ పెట్టుకోవలసిన ప్యూరిటన్ ఇల్లాలు సవతి తల్లి గురించి బెంగ పెట్టుకుంది. ఈ పద్యం చదివి కళ్ళు చెమర్చని తల్లి ఉంటుందనుకోను.

1666 జూలై 10 రాత్రి ఆండోవరులో ఆవిడ ఇల్లు కాలిపోయింది. ఆ రాత్రి మీద రాసిన పద్యమే ఆవిడకి కీర్తి. విడి కాగితం మీద రాసి పెట్టుకుంది. కొడుకు నకలు తీశాడు. 1867 దాకా అచ్చు మొహం చూడలేదు. నిద్రలోంచి మంటల చప్పుడుకి లేస్తుంది. బయటికొచ్చి, ఇక చూడలేనన్నంతసేపూ చూస్తుంది. ఇచ్చినవాడే తీసుకున్నాడని యోబులా దేవుణ్ణి స్తుతిస్తుంది. ఆ ఇల్లు ఆయనదే, నాది కాదు అంటుంది. మతం చెప్పమన్న మాట చెప్పేసింది. అక్కడితో పద్యం అయిపోవాలి.

అయిపోదు! తరవాత ఆ బూడిద పక్కనించి ఎప్పుడు నడిచినా ఆవిడ కళ్ళు అటే తిరుగుతాయి. ఇక్కడ కూర్చునేదాన్ని, ఇక్కడ పడుకునేదాన్ని. ఇక్కడ పెట్టె ఉండేది, అక్కడ భోషాణం ఉండేది. ఇక ఆ కప్పు కింద చుట్టాలు కూర్చోరు, ఆ బల్ల మీద భోజనాలుండవు, దీపం వెలగదు, పెళ్ళికొడుకు మాట వినపడదు. మనిషితో మాట్లాడినట్టు ఇంటితో మాట్లాడుతుంది. చాలాసేపు మాట్లాడాక ఉలిక్కిపడి తనని తానే తిట్టుకుంటుంది. ఇదంతా మట్టి, నీకు పైన దేవుడు కట్టిన ఇల్లుంది కదా అని సద్దిచెప్పుకుంటుంది. పద్యం ఆ సద్దుబాటుతో ముగుస్తుంది.

ఈ ముగింపు గురించి విమర్శకుల్లో తగువుంది. ఆవిడ లోలోపల తిరుగుబాటుదారు, మతం మాటలు పైపూత మాత్రమే అంటారు కొందరు. ఇంకొందరు నమ్మిన మనిషి నమ్మినట్టే రాసింది అంటారు. నాకు మొదటివాళ్ళ మాట నచ్చదు. నమ్మకం లేని మనిషికి ఆ భోషాణం గురించి అంత అపరాధభావం ఎందుకు? కాలిపోయిన పెట్టె గురించి ఏడవడం తప్పని నమ్మింది కనకే, ఆ ఏడుపు ఆపుకోలేక రాసిన మాటలు మన చెయ్యి కాలుస్తాయి. నమ్మకం అంటూ లేకపోతే అది సామాన్ల జాబితా అయ్యేది. ప్రేమ లేకపోతే ప్రసంగం అయ్యేది. రెండూ ఉన్నాయి కనక పద్యం అయింది. వేపాకు చేదనీ తెలుసు, అది రాసింది అమ్మేననీ తెలుసు. అయినా నోరు పెట్టిన పిల్ల ఆవిడ.

ఇంకో అడుగు లోతుకి వెడితే మనవల మీద రాసిన పద్యాలున్నాయి. 1665లో ఏడాదిన్నర మనవరాలు ఎలిజబెత్ పోయింది. 1669 జూన్‌లో మూడేళ్ళ ఆన్. అదే ఏడు నవంబరులో నెల నిండిన సైమన్. ఎలిజబెత్ మీద రాసినప్పుడు, ముదిరిన చెట్టు కూలడం, పండిన పండు రాలడం ప్రకృతి పని, కాని కొత్తగా నాటిన మొక్కని పెకలించడం మాత్రం ఆయన ఒక్కడి పనే అంటుంది. వినడానికి భక్తి. ఆగి ఆలోచిస్తే నేరారోపణ. ఇది సహజం కాదు, ఎవరో కావాలని చేశారు, ఆ చేసింది నువ్వే అని. చిన్న సైమన్ దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు ఇంకా సన్నబడుతుంది. ఎందుకు చేశాడని వాదించద్దు, నోరు మూసుకుందాం అంటుంది. దేవుడు దయామయుడని మాత్రం నేరుగా అనదు. దయామయుడని అందాం అంటుంది. ఉన్నాడు అనడానికీ, అందాం అనడానికీ మధ్య ఉన్న ఆ సన్నని చీలికలో ఒక అమ్మమ్మో నాయనమ్మో నిలబడి ఉంది. అంతకన్నా ఎక్కువ ఆవిడ అనలేదు. అంతకన్నా తక్కువతో సరిపెట్టుకోనూ లేదు.

అసలు దేవుడున్నాడా అన్న సందేహం కూడా తనకి చాలాసార్లు వచ్చిందని పిల్లలకి రాసిన ఉత్తరంలో దాచకుండా చెప్పింది. గవర్నరు కూతురు, దేశపెద్ద భార్య ఆ మాట కాగితం మీద పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! చావుకి దగ్గరపడ్డ తల్లి పిల్లలకి వదిలి వెళ్ళే ఆస్తిలో ఆ సందేహాన్ని కూడా చేర్చింది.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం ఆన్ మీద స్తోత్రం అవుతుంది. కాని ఇంకో తల్లి ఉంది. ఆవిడ సంగతి చెప్పకపోతే న్యాయం కాదు.

మేరీ రౌలండ్‌సన్ లాంకాస్టరు ఊరి పాదిరీ గారి భార్య. 1676 ఫిబ్రవరిలో, ఇంగ్లీషువాళ్ళకీ అక్కడి ఆదిమవాసులకీ యుద్ధం జరుగుతుండగా, ఆ ఊరు మీద దాడి జరిగింది. మేరీనీ ముగ్గురు పిల్లల్నీ పట్టుకుపోయారు. ఆరేళ్ళ సారాకి గుండు దెబ్బ తగిలింది. ఒళ్ళో పెట్టుకుని మంచులో నడిచింది. తొమ్మిదో రోజుకి పిల్ల పోయింది. పదకొండు వారాల పైన బందీగా ఉండి, ఇరవై పౌన్లు కడితే విడుదలైంది. ఆ కథ 1682లో పుస్తకంగా వచ్చింది. దానికీ ఒక పెద్దమనిషి ముందుమాట ఉంది లెండి, కులస్త్రీ అచ్చుకెక్కినందుకు తప్పు పట్టకండి అని!

మేరీ ప్రతి అడుగులోనూ దేవుణ్ణి వెతుకుతుంది. ఒక ఆదిమవాసి దోచుకొచ్చిన సరుకులోంచి బైబిలు ఇస్తే ఆయన కృప. పస్తులున్నా బతికితే ఆయన కృప. శత్రువులకి అడవిలో దుంపలు దొరకడం కూడా మన పాపాలకి శిక్షగా ఆయనే చూపించాడంటుంది. ఆ నమ్మకమే లేకపోతే ఆవిడ ఆ మంచులో బతికి ఉండేది కాదు. ఒప్పుకుంటాను.

కాని బందీగా ఉన్న రోజుల్లో ఆవిడ యజమానురాలు వీటమూ. ఆవిడ కూడా సామాన్యురాలు కాదు, తన జనానికి తనే నాయకురాలు. ఆ వలసలోనే వీటమూ పసిబిడ్డ జబ్బు చేసి పోయాడు. తన బిడ్డని ఒళ్ళోనే పోగొట్టుకుని ఇంకా నెలలు గడవని మేరీ దాని గురించి ఏం రాసిందో తెలుసా? ఒక మేలు జరిగింది, గుడిసెలో చోటు కాస్త విశాలమైంది అని.

ఈ మాట చదివి నేను పుస్తకం పక్కన పెట్టేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు.

ఆవిడ చెడ్డది కాదు. బందీ. ఆకలితో ఉంది. తన బిడ్డ పాతిపెట్టిన చోటు వెనకెక్కడో వదిలి వచ్చింది. అన్నీ నిజమే. కాని ఏళ్ళ తరవాత ఇంట్లో కూర్చుని రాస్తున్నప్పుడు కూడా ఆ వాక్యం కొట్టెయ్యాలని ఎందుకు తోచలేదు? అక్కడే ఉంది కిటుకు. లోకాన్ని ఎంచుకున్నవాళ్ళు, ఎంచుకోనివాళ్ళు అని రెండుగా చీల్చిన మతం ఆవిడ కళ్ళకి గంతలు కట్టింది. సారా చావులో పరీక్ష ఉంది, పాఠం ఉంది, దేవుడున్నాడు. వీటమూ బిడ్డ చావులో చోటు మాత్రమే ఉంది. ఆ ఏడు ఆగస్టులో వీటమూ కూడా నది దాటుతూ మునిగిపోయింది. ఇంగ్లీషువాళ్ళు తల నరికి టాంటన్ ఊళ్ళో కర్రకి గుచ్చి నిలబెట్టారు. ఆవిడ కథ ఆవిడ చేత ఎవరూ రాయించుకోలేదు.

అయితే మేరీ పుస్తకం చివర ఒక సంగతి ఉంది. అన్నిటికీ అర్థం చెప్పేసి, దేవుడికి కృతజ్ఞతలు చెప్పేసి, ఇల్లు చేరాక కూడా ఆవిడకి రాత్రిళ్ళు నిద్ర పట్టదట. ఊరంతా పడుకుంటే ఈవిడ ఒక్కతే మేలుకుని ఏడుస్తుంది. లెక్క సరిపోయిందని మతం చెప్పింది. లెక్క సరిపోతే నిద్ర పట్టాలి కదా?

ఇద్దరు తల్లుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. కష్టం వచ్చినప్పుడు అది దేవుడి చిత్తం అనుకోవడం తప్పు కాదు. కొన్నిసార్లు లేచి నిలబడడానికి అదొక్కటే ఆసరా. కాని ఆ మాట ఎవరి కష్టానికి వారే అనుకోవాలి. ఎదుటివాళ్ళ కష్టానికి మనం అనేస్తే, అది ఓదార్పు కాదు, తలుపు వేసుకోవడం. పిల్ల పోయిన ఇంటికి పరామర్శకి వెళ్ళి, అంతా మన మంచికే, రాత అలా ఉంది, ఇంకో బిడ్డ పుడుతుందిలే అని చెప్పి కాఫీ తాగి వచ్చేవాళ్ళం మనమూ ఉన్నాం. మేరీ వాక్యానికి ఉలిక్కిపడ్డ నేను, నేనూ అలాంటి మాటలు అని వచ్చానేమోనని రెండు రోజులూ లెక్క చూసుకున్నాను. అన్నాను. ఒకటి రెండు ఇళ్ళల్లో అన్నాను.

బ్రాడ్‌ఫర్డ్ చెప్పలేదు. మేరీ తన బిడ్డ గురించి చెప్పింది, పక్క బిడ్డ గురించి చెప్పలేకపోయింది. ఆన్ మాత్రం దేవుడి మాట దేవుడికి అప్పజెప్పి, ఏడుపు మాట కూడా పక్కనే ఉంచింది. ఏది ముందు ఏది వెనక అన్న వరస తప్పలేదు, కాని రెండోదాన్ని చెరిపెయ్యలేదు. మూడున్నర శతాబ్దాల తరవాత మనం చదవడానికి మిగిలింది ఆ చెరపని భాగమే.

ఆన్ 1672లో పోయింది. భర్త కొన్నాళ్ళకి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, గవర్నరయ్యాడు, 1697 దాకా బతికాడు. కాన్పుకి ముందు రాసిన ఆ పద్యం ఆవిడ పోయాక, 1678లో బోస్టన్‌లో వేసిన పుస్తకంలో వచ్చింది. సవతి తల్లి మాట ఆయన గుర్తు పెట్టుకున్నాడో లేదో గాని, అప్పటికి పిల్లలంతా పెద్దవాళ్ళైపోయారు లెండి.

వేపాకు రాసిన తల్లి కూడా పిల్ల అటు తిరిగి పడుకున్నాక కళ్ళు తుడుచుకుంటుంది. ఆన్ ఆ సంగతి తన నీతిమాటలో రాయలేదు. ఎనిమిదిమందికి పాలు మాన్పించిన మనిషి, ఆవిడకి తెలియకుండా ఉంటుందా? దేవుడికి కూడా అప్పుడప్పుడు కళ్ళు తుడుచుకునే అలవాటుంటే బాగుండునని ఆవిడకి తప్పకుండా అనిపించి ఉంటుంది.